ఓపీ చీటీలో నా చేతిరాత: వన్‌టౌన్‌లో ఒక షుగర్ కేసు, దాని వెంట వచ్చిన ఉపవాసాలు

2024 రంజాన్ రెండో వారం. సాయంత్రం నాలుగు దాటింది. విజయవాడ వన్‌టౌన్‌లోని మా పట్టణ ఆరోగ్య కేంద్రంలో రిజిస్టర్లు చూసుకుంటూ ఉండగా గుమ్మం ముందు ఆటో ఆగింది. పంజా సెంటర్ వెనక సందుల్లో ఉండే ఒకామెను కొడుకూ కోడలూ చెరోవైపు పట్టుకుని దింపారు. యాభై రెండేళ్ళ మనిషి. బురఖా లోపల బట్టలు చెమటకు తడిసి ముద్దయ్యాయి. పేరేమిటని అడిగితే జవాబు చెప్పలేదు. మా నర్సు చెయ్యి పట్టుకుని ‘అమ్మీ’ అని పిలిచింది. ఆ నర్సుకు ఇరవై ఆరేళ్ళు.

వేలు గుచ్చి చూస్తే షుగర్ 48. కోడలు అప్పటికే పంచదార నీళ్ళ గ్లాసు పట్టుకుని ఉంది. మింగే స్థితిలో లేని మనిషి నోట్లో నీళ్ళు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయని ఆపి, చేతి నరానికి సూది పెట్టి 25 శాతం డెక్స్ట్రోజ్ 100 మిల్లీలీటర్లు ఎక్కించాం. పది నిమిషాలకు కళ్ళు తెరిచింది. గోడ గడియారం వైపు చూసి ఏడవడం మొదలుపెట్టింది. భయంతో ఏడుస్తోందనుకున్నాను. ‘ఇంకో రెండు గంటలు ఆగితే అయిపోయేది కదా డాక్టరమ్మా’ అంది. పోయిన రోజా, అంటే ఆ రోజు ఉపవాసం, గురించి ఆ ఏడుపు.

ఆమెకు తొమ్మిదేళ్ళుగా షుగర్ ఉంది. గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్ కలిసిన మాత్ర పొద్దున ఒకటి, రాత్రి ఒకటి వేసుకునేది. రంజాన్ రాగానే పొద్దుటి మాత్రను తెల్లవారుజామున ఉపవాసానికి ముందు తినే సహర్ వేళకు, రాత్రి మాత్రను సాయంత్రం ఉపవాసం విడిచే ఇఫ్తార్‌కు జరుపుకుంది. చూడటానికి సబబైన ఏర్పాటే. పైగా ఆ రోజు లేవడం ఆలస్యమై సహర్‌లో అరటిపండూ చాయ్ మాత్రమే తీసుకుంది. గ్లిమెపిరైడ్ తిండి వచ్చిందా లేదా అని చూడదు. క్లోమాన్ని తరుముతూ ఇన్సులిన్ విడుదల చేయిస్తూనే ఉంటుంది. దాదాపు పదకొండు గంటలుగా కడుపు ఖాళీ, మార్చి ఎండ, పక్కింటి వాళ్ళకు కూడా చేస్తున్న ఇఫ్తార్ వంట. ఈ మందుతో పడిపోయిన షుగర్ ఒకసారి లేచినా మళ్ళీ పడిపోతుంది, దాని ప్రభావం ఒంట్లో రోజంతా ఉంటుంది. అందుకే ఇంటికి పంపకుండా, ఒక రాత్రి కనిపెట్టి చూడమని చీటీ రాసి పెద్దాసుపత్రికి పంపాం.

కొడుకు ఆటో మాట్లాడే లోపల ఆమె పాత ఓపీ చీటీ తిరగేశాను. ఐదు వారాల కిందటి పేజీలో నా చేతిరాతే ఉంది: ‘రంజాన్ ఉపవాసం ఉండవద్దని చెప్పడమైనది.’ కింద నా సంతకం. అలా రాసినందుకు ఆ రోజు నాకు తృప్తిగా కూడా ఉండి ఉంటుంది.

‘మరి ఉంటానని నాకు చెప్పలేదేం?’ అని అడిగాను.

‘మీరు వద్దన్నారు కదా. మళ్ళీ చెబితే కోప్పడతారని.’

మేం చేస్తున్న తప్పు

మా కేంద్రం పరిధిలో ఎవరెవరు ఉంటారో కొంచెం చెప్పాలి. పట్టణ ఆరోగ్య కేంద్రం అంటే లెక్క ప్రకారం యాభై వేల మందికి ఒకటి. మాకు వచ్చే వాళ్ళలో ఇంట్లో ఉర్దూ మాట్లాడే ముస్లిములు, కొండ మెట్ల మీద ఇళ్ళు కట్టుకున్న దళిత క్రైస్తవులు, కాళేశ్వరరావు మార్కెట్‌లో బస్తాలు మోసే ముఠా కూలీలు, రెండు మూడు తరాల కిందట రాజస్థాన్ నుంచి వచ్చి వ్యాపారాల్లో స్థిరపడిన జైనులు, వాళ్ళ కొట్లలో పనిచేసే గుమస్తాలు ఉన్నారు. ఇంద్రకీలాద్రి కూతవేటు దూరం. ఏడాదిలో ఏ నెల చూసినా ఈ పేటల్లో ఎవరో ఒకరు ఏదో ఒక ఉపవాసంలో ఉంటారు. ఈ సంగతి నాకు తెలియదని అనలేను. తెలిసీ దాన్ని మందుల చీటీ దాకా తీసుకురాలేదు.

మర్నాడు ఆశా కార్యకర్తలతో కూర్చున్నాను. వాళ్ళలో పెద్దావిడ ఇరవై ఏళ్ళుగా ఈ సందుల్లో తిరుగుతున్న మనిషి. మొహమాటం లేకుండా చెప్పింది: ‘మీ దగ్గర ఉండనంటారు మేడమ్, ఇంటికెళ్ళి ఉంటారు. మీరు అడిగే తీరులోనే జవాబు ఉంటుంది. ఉపవాసాలేమీ లేవు కదా అంటారు. లేవండీ అంటారు.’

ఇది మా ఒక్క కేంద్రం కథ కాదు. 2001లో ఇండియాతో సహా పదమూడు దేశాల్లో పన్నెండు వేల మందికి పైగా షుగర్ పేషెంట్లను పరిశీలించిన ఎపిడియార్ అధ్యయనంలో టైప్ 2 ఉన్న ముస్లిముల్లో 79 శాతం మంది రంజాన్‌లో కనీసం పదిహేను రోజులు ఉపవాసం ఉన్నారు. వాళ్ళలో షుగర్ ప్రమాదకరంగా పడిపోవడం మామూలు నెలల కంటే ఏడున్నర రెట్లు పెరిగింది. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టుకుని చూస్తే నా ‘వద్దు’ ఎవరి కోసం రాసుకున్నానో అర్థమైంది. రేపు ఏదైనా జరిగితే చీటీలో నేను చెప్పినట్టు ఉంటుంది, అంతే.

ఇంకో తప్పు కూడా ఒప్పుకోవాలి. రోగులకూ ప్రయాణికులకూ ఉపవాసం నుంచి మినహాయింపు ఖురాన్ రెండో అధ్యాయంలోనే ఉంది. ఆ మాట పట్టుకుని నేను ఇద్దరు ముగ్గురు పేషెంట్లకు ఉపదేశం చేశాను. అది వాళ్ళకు చిన్నప్పటి నుంచి తెలిసిన సంగతి. నేను ముందు రోజు రాత్రి చదివిన సంగతి. ఎంతో మర్యాదగా విని వెళ్ళిపోయారు.

కబురు ఎవరి నోట వెళ్ళాలి

2025 రంజాన్ మార్చి 2న మొదలైంది. జనవరిలోనే పని మొదలుపెట్టాం. మొదట చేసింది అందరూ చేసేదే: తెలుగులోనూ ఉర్దూలోనూ ఒక ప్రకటన రాయించి గోడకు అంటించాం. ఉర్దూ అక్షరాలు అందంగా కుదిరాయి, ఫొటో తీసుకుని పై అధికారులకు పంపుకున్నాం. పది రోజులకు ఒక్క మనిషి కూడా ఆ కాగితం చూసి వచ్చానని అనలేదు. ఎందుకో మా ల్యాబ్ అమ్మాయి చెప్పింది. ఆమెది ఇస్లాంపేట. ‘మా అమ్మ ఉర్దూ మాట్లాడుతుంది, చదవలేదు మేడమ్. నేను తెలుగు మీడియం. ఉర్దూ చదవగలిగే మా తాతయ్య ఇక్కడికి రాడు, ప్రైవేటుకు వెళ్తాడు.’ అనువాదం చేయించాం కాబట్టి అందరికీ చేరినట్టే అనుకున్నాం. మాట్లాడే భాష, చదివే భాష వేరువేరుగా ఉండే ఇళ్ళు ఈ పేటల్లో ఎన్నో.

తర్వాత మసీదు మైకు ఆలోచన వచ్చింది. దగ్గరలోని ఒక ఇమాం గారు వెంటనే ఒప్పుకుని శుక్రవారం జుమా తర్వాత చెప్పారు. మగవాళ్ళు వచ్చారు. కానీ నాకు కావలసింది తెల్లవారుజామున మూడున్నరకే లేచి అందరికీ వండి, తాను అరటిపండుతో సరిపెట్టుకునే ఆడవాళ్ళు. వాళ్ళు జుమాకు రారు. చివరకు పని చేసింది పెద్ద ఆశా గొంతే. ఒక నిమిషం లోపు మాటలు, దక్కనీ ఉర్దూలో, ఆమె ఫోనులో రికార్డు చేసి పంపింది. కుట్టుమిషన్లు నడిచే ఇళ్ళలో, సాయంత్రాలు ఖురాన్ చదువు చెప్పే ఇళ్ళలో అది ఒకరి నుంచి ఒకరికి పోయింది.

ఆ నిమిషంలో ఏం చెప్పాలన్న దాని మీద మాకు రెండు రోజులు వాదన జరిగింది. మొదట రాసుకున్నది ఇది: ‘రోజా ఉండాలనుకునే షుగర్ పేషెంట్లు నెల ముందే మందుల చీటీతో ఒకసారి రండి. రోజా మానమని చెప్పడానికి పిలవడం లేదు, మాత్రల వేళ మార్చడానికి పిలుస్తున్నాం.’ రెండో వాక్యం వల్లే జనం వచ్చారు. దాని వల్లే చిక్కు కూడా వచ్చింది. మొదటి వారంలోనే కిడ్నీలు దెబ్బతిన్న ఒక పెద్దాయన వచ్చారు. ఆయనకు ఉపవాసం వద్దని చెప్పక తప్పలేదు. ‘మానమని చెప్పం అన్నారుగా, అబద్ధమన్న మాట’ అని ఆయన లేచి నిలబడ్డారు. నిజమే, ఆ వాక్యంలో కొంత మోసం ఉంది. అప్పుడు మార్చాం: ‘మీ షుగర్‌కు రోజా ఎంతవరకు పడుతుందో, మాత్రల వేళ ఎలా మార్చాలో కూర్చుని మాట్లాడుకుందాం.’ కొత్త వాక్యానికి పాతదానికున్న పదును లేదు. అయినా అదే ఉంచాం.

వచ్చినవాళ్ళతో మాట్లాడటానికి అంతర్జాతీయ మధుమేహ సమాఖ్య 2021లో సవరించిన రంజాన్ మార్గదర్శకాలను దగ్గర పెట్టుకున్నాం. వయసు, ఎన్నాళ్ళుగా షుగర్, ఏ మందు, కిడ్నీలు, గతంలో షుగర్ పడిపోయిన చరిత్ర, చేసే పని, ఇలా ఒక్కొక్కదానికి మార్కులు వేసి కూడితే మొత్తం మూడు లోపు ఉన్నవాళ్ళకు ముప్పు తక్కువ, ఆరు దాటితే ఎక్కువ. ఈ కూడిక వల్ల కలిగిన మేలు వైద్యానికంటే మాటకే ఎక్కువ. కాగితం ఇద్దరి మధ్యా పెట్టుకుని కలిసి లెక్క వేస్తుంటే పేషెంటు తనంతట తానే ‘పోయినేడు రెండుసార్లు కళ్ళు తిరిగాయి’ అని చెప్పేస్తాడు. ఎదురుగా కూర్చుని అడిగితే చెప్పడు.

మందుల్లో మార్పులు చెప్పుకుంటే సులువే. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవాళ్ళకు పెద్ద భయం లేదు; రోజుకు రెండుసార్లయితే ఇఫ్తార్‌కు ఒకటి, సహర్‌కు ఒకటి; మూడుసార్లయితే మధ్యాహ్నపు మాత్ర ఇఫ్తార్ మాత్రతో కలుస్తుంది. గ్లిమెపిరైడ్ రోజుకు ఒక్కటే వేసుకునేవాళ్ళకు దాన్ని ఇఫ్తార్‌కు మార్చాలి. రెండు పూటలా ఉంటే ఇఫ్తార్ మాత్ర అలాగే ఉంచి, సహర్‌ది తగ్గించాలి. మా మొదటి పేషెంటుకు జరగనిది సరిగ్గా ఇదే. గ్లిబెన్‌క్లమైడ్ లాంటి పాత మందులు ఇంకా వాడుతున్న ఇద్దరికి వాటిని మార్చేశాం. కలిపి వచ్చే మాత్రలతో మాత్రం తలనొప్పి. సహర్‌లో గ్లిమెపిరైడ్ తీసి మెట్‌ఫార్మిన్ ఉంచాలంటే రెండు వేరు మాత్రలుగా రాయాలి. రాస్తే పేషెంటుకు రంగులు కలిసిపోతాయి. మా ఫార్మసిస్టు అల్యూమినియం రేకు మీద స్కెచ్ పెన్నుతో సహర్ మాత్రకు నక్షత్రం, ఇఫ్తార్ మాత్రకు నెలవంక గీసి ఇచ్చాడు. ఇది ఏ మార్గదర్శకంలోనూ లేదు.

షుగర్ 70 కంటే తగ్గినా, 300 దాటినా రోజా అక్కడితో ఆపాలి. ఇది చెప్పడం తేలిక. పట్టుకోవాలంటే వేలు గుచ్చుకోవాలి, అలా గుచ్చుకుంటే రోజా పోతుందని నమ్మకం. పోదని ఇమాం గారు మైకులో చెప్పారు. ఆయన చేసిన ఉపకారాల్లో అన్నిటికంటే పెద్దది అదే. నేను వందసార్లు చెప్పినా అది నా మాట.

పేరు చూసి అడిగితే

ఆ ఏడాది భస్మ బుధవారం, అంటే క్రైస్తవుల శ్రమకాల ఉపవాసాలు మొదలయ్యే రోజు, మార్చి 5న వచ్చింది. రంజాన్ మొదలైన మూడు రోజుల తర్వాత. మా బల్ల మీద ‘రంజాన్ చీటీ’ల కట్ట పెట్టుకుని, పేరు చూసి ముస్లిం పేషెంట్లను మాత్రం అడుగుతున్నాం. మూడో వారంలో కొండ మెట్ల మీద నుంచి ఒక నడివయసు తల్లి దిగి వచ్చింది, పిండి గిర్నీలో పని. శుక్రవారం ఉపవాస ప్రార్థనలో నిలబడలేక కూర్చుండిపోయిందట. శ్రమకాలమంతా సాయంత్రం దాకా పచ్చి నీళ్ళు కూడా ముట్టడం లేదు. మందులు మా దగ్గరివే, అదే గ్లిమెపిరైడ్. వారం కిందట నా ఎదురుగా ఇదే కుర్చీలో కూర్చుని వెళ్ళింది. నేను అడగలేదు. ఆమె పక్కన కూర్చున్న ఇంకొకామెను అడిగాను, పేరును బట్టి.

ఆ రోజుతో రంజాన్ చీటీ పేరు తీసేశాం. షుగర్ పేషెంటు ఎవరైనా నెల నెలా మందులకు వచ్చినప్పుడు ఒక ప్రశ్న అడగాలి: ‘వచ్చే నెలలో మీ తిండి వేళలు మారతాయా?’ ఉపవాసం అన్న మాట కావాలనే వాడలేదు. ఆ మాట వింటే జనం గుడి వైపో చర్చి వైపో చూసి జవాబిస్తారు. తిండి వేళలు అనగానే అన్నీ బయటికి వచ్చాయి. కార్తీక సోమవారాలు చుక్కలు కనిపించే దాకా ఉండేవాళ్ళు, నాగుల చవితికి పొద్దంతా ఉండే తల్లులు, శనివారాలు ఒంటిపూటతో సరిపెట్టే గుమస్తాలు. దేవుడితో సంబంధం లేనివి కూడా: నైట్ డ్యూటీ వాచ్‌మన్, మిర్చి లోడు దిగేటప్పుడు మధ్యాహ్నం అన్నం మూడున్నరకు తినే ముఠా కూలీ. ఇతనికి షుగర్ పడిపోతూ ఉంటే రెండేళ్ళుగా మేం గ్యాస్ మాత్రలు ఇస్తున్నాం.

జైనుల విషయంలో పెద్దగా చెప్పుకోవడానికి లేదు. వాళ్ళ ఉపవాసాల పండుగ పర్యూషణ్ ముందు వాళ్ళ సంఘానికి కబురు పంపాం. మర్యాదగా ఫోను ఎత్తారు, ఎవరూ రాలేదు. వాళ్ళకు సొంత డాక్టర్లు ఉన్నారు. ఒక కోడలు మాత్రం మామగారి మాత్రలు సంచిలో వేసుకుని వచ్చింది. సూర్యాస్తమయం తర్వాత ఆయన నీళ్ళు కూడా ముట్టరు, రాత్రి తొమ్మిదింటి మాత్ర ఏళ్ళుగా ఖాళీ కడుపుతో, నీళ్ళు లేకుండా మింగుతున్నారు. దాన్ని సాయంత్రం భోజనానికి జరిపాం. ఎనిమిది రోజులు కాచిన నీళ్ళ మీదే ఉంటానని ఆయన పట్టు. అది మా చేతిలో పని కాదు, ఆయన డాక్టరు గారికే ఉత్తరం రాసి పంపాను.

భవానీ దీక్ష నేను ఊహించని దారిలో వచ్చింది. దీక్షలో ఉన్న ఆటో డ్రైవరు, నలభై ఎనిమిదేళ్ళు, మండలం రోజులు ఎర్ర బట్టలు, నేల పడక, ఒంటిపూట భోజనం. సిగరెట్టు మానాడు, రాత్రి బిర్యానీ మానాడు. తిండి గురించి మేం భయపడుతుంటే అతని షుగర్ గత ఏడాదిలో ఎన్నడూ లేనంత బాగా వచ్చింది. ప్రమాదం కాళ్ళ దగ్గర ఉంది. దీక్షలో చెప్పులు వేసుకోరు. అరికాలికి సన్నని నైలాన్ తీగ, అంటే పది గ్రాముల ఒత్తిడికి వంగే మోనోఫిలమెంట్, ఆనించి ‘తగిలిందా?’ అని అడిగితే కుడి కాలి బొటనవేలి కింద మూడు చోట్ల తగలలేదన్నాడు. అంటే గాజు పెంకు గుచ్చుకున్నా తెలియని కాలుతో అతను కొండ చుట్టూ గిరి ప్రదక్షిణ చేయబోతున్నాడు.

చెప్పులు వేసుకోనన్నాడు. బతిమాలాను, వినలేదు. గట్టిగా చెబితే ఇక రాడని తెలుసు కాబట్టి వేరే బేరం పెట్టాం. రోజూ రాత్రి స్నానం తర్వాత అతని భార్య టార్చి లైటుతో రెండు అరికాళ్ళూ చూడాలి, వేళ్ళ సందులు పొడిగా తుడవాలి, ఎక్కడైనా ఎరుపో పొక్కో కనిపిస్తే ఆ రోజే కబురు చేయాలి. ఇరవై మూడో రోజు కబురు వచ్చింది. శనగగింజంత పుండు, మడమ పక్కన. కాలు శుభ్రం చేసి కట్టు కట్టాం, ఆ కాలు మీద బరువు పడకుండా చూసుకోమన్నాం. గిరి ప్రదక్షిణ ఆటోలో చేశాడు. అతని గురుస్వామి ఒప్పుకున్నారు. పుండు మానడానికి ఆరు వారాలు పట్టింది. ఆమె చూడకపోతే అతను చూసేవాడు కాదు. అతనికి అది తెలియనే తెలియదు. ఆ తర్వాత మా ప్రశ్నకు ఇంకో తోక తగిలించాం: ‘చెప్పులు మానే రోజులు ఉన్నాయా?’

ఈ పనంతా ఎంత మందిని కాపాడిందో చెప్పే లెక్క నా దగ్గర లేదు. మొదలుపెట్టే ముందు ఎంతమందికి షుగర్ పడిపోతోందో మేం రాసుకోలేదు, కాబట్టి తర్వాతి లెక్కను దేనితోనూ పోల్చలేం. ఇంకెవరైనా ఇలాంటిది మొదలుపెడితే ముందు ఒక ఏడాది ఊరికే రాసుకోండి. రెండో లోటు గ్లూకోమీటరు పుల్లలు. రోజుకు రెండుసార్లు చూసుకోమని చెప్పడం నోటితో పని; ఒక్కో పుల్ల ధర ఆ ఇంట్లో ఒక పూట పాలతో సమానం. మాకు వచ్చిన పుల్లల్లోంచి ముప్పు ఎక్కువ ఉన్నవాళ్ళకు కొన్ని ఇచ్చి సర్దుకున్నాం. అది ఏర్పాటు కాదు, సర్దుబాటు.

ఇక మొదటి పేషెంటు. 2025 జనవరి చివర, అందరికంటే ముందు వచ్చింది. కూడిక వేస్తే ముప్పు ఎక్కువ వరసలోనే తేలింది. ఉండకపోతే మంచిదని చెప్పాను, ఉంటానంది. సహర్ మాత్రలో గ్లిమెపిరైడ్ తీసేశాం, ఇఫ్తార్‌ది తగ్గించాం. సహర్‌లో అరటిపండుకు బదులు జొన్నరొట్టె, పప్పు, గుడ్డు తినాలని కోడలికి అప్పగించాం. ఎనిమిదో తరగతి చదివే మనవరాలు నోటు పుస్తకంలో రోజూ రీడింగులు తెలుగులో రాస్తుంది.

పండుగ అయ్యాక ఆ పుస్తకం పట్టుకుని వచ్చింది, ఒక డబ్బాలో షీర్ ఖుర్మాతో సహా. పేజీలు తిప్పాను. రెండు రోజులు మధ్యాహ్నమే ఆపేసింది, ఒక రోజు 64, ఇంకో రోజు 66. ఆ రోజాలు తర్వాత తీర్చుకుంటానని పక్కన రాయించింది. మూడో వారంలో ఒక చోట: ‘సాయంత్రం 6.00. షుగర్ 68. సైరన్‌కు 20 నిమిషాలు. నానమ్మ పంచదార నీళ్ళు చేతిలో పట్టుకుని ఆగింది. సైరన్ కాగానే తాగింది.’

అది తప్పు. ఆ ఇరవై నిమిషాల్లో ఏమైనా జరగవచ్చు. కోప్పడటానికి తలెత్తితే ఆమె నా వైపే చూస్తోంది.

‘చెప్పవద్దంది నా మనవరాలు’ అంది. ‘నేనే రాయమన్నాను.’

పెన్ను తీసుకుని ఆమె చీటీలో వచ్చే ఏటి పేజీ మొదలుపెట్టాను. ఇఫ్తార్ మాత్ర సగం చేయాలా, సాయంత్రం నాలుగున్నరకు ఇంకో పుల్ల ఇవ్వాలా అన్నది ఇద్దరం కలిసి రాసుకున్నాం.